జార్జియా టెక్ ఆఫెన్సివ్ లైన్: 3-9 నుంచి 8-0 దాకా ఏం మారింది?

రఘు_ఆల్ఫరెట్టా

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో ఫ్లోరిడా స్టేట్ జట్టు థ్రెడ్‌లో ఒకాయన "పోర్టల్‌లోంచి (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళ జాబితా) ఐదుగురు భారీ కుర్రాళ్ళని తెచ్చుకుంటే ఆఫెన్సివ్ లైన్ (బంతి ఉన్న జట్టుకి ముందు నిలబడి అడ్డుకునే ఐదుగురు) సమస్య ఒక్క సీజన్‌లో తీరిపోతుంది" అని రాశారు. నేను అస్సలు ఒప్పుకోను. అక్కడ రాస్తే ఆ చర్చ పక్కదారి పడుతుందని ఇక్కడ విడిగా మొదలుపెడుతున్నాను. నేను చెప్పబోయే ఉదాహరణ జార్జియా టెక్. అక్కడే ఎం.ఎస్. చేశాను, ఇప్పటికీ అట్లాంటా పక్కనే ఉంటున్నాను, ఈ జట్టంటే ప్రాణం.

కొత్తవాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. 2008 నుంచి 2018 దాకా టెక్ హెడ్ కోచ్ పాల్ జాన్సన్. ఆయన ఆడించింది ట్రిపుల్ ఆప్షన్. పాస్‌లు బాగా తక్కువ, పరుగే ప్రధానం. క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని ఆట నడిపేవాడు) డిఫెన్స్ కదలిక చూసి, బంతి లోపలికి ఇవ్వాలా, తానే ఉరకాలా, పక్కవాడికి అందించాలా అన్నది ఆ క్షణంలో తేల్చుకుంటాడు. అందులో లైన్‌మన్‌కి బరువు కన్నా వేగం ముఖ్యం. బంతి కదిలిన మరుక్షణం కిందికి వంగి ముందుకు దూకాలి, ఎదుటివాడి తొడల దగ్గర కట్ బ్లాక్ చేయాలి (కింద కొట్టి పడేయాలి), లేకపోతే వాడిని దాటుకుని లైన్‌బ్యాకర్ (డిఫెన్స్ రెండో వరుసలోవాడు) మీదికి పోవాలి. ఈ ఆటతోనే 2014 సీజన్ చివర ఆరెంజ్ బౌల్‌లో (బౌల్ అంటే బాగా ఆడిన జట్లకి సీజన్ ముగిశాక పెట్టే ఆట) మిస్సిసిపీ స్టేట్‌ని 49-34తో కొట్టారు.

2018తో జాన్సన్ రిటైరయ్యారు. జెఫ్ కాలిన్స్ వచ్చి ఆటని మామూలు స్ప్రెడ్‌కి (ఆటగాళ్ళని వెడల్పుగా నిలబెట్టి పాస్‌లు ఎక్కువ ఆడే పద్ధతి) మార్చేశారు. ముందుకు దూకడం కోసమే ఎంచుకున్న కుర్రాళ్ళని ఇప్పుడు వెనక్కి జరుగుతూ పాస్ బ్లాక్ చేయమన్నారు, అంటే బంతి విసిరేదాకా క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడమన్నారు. 2019 సెప్టెంబర్‌లో సిటడెల్ అనే కింది డివిజన్ జట్టు, అదీ ట్రిపుల్ ఆప్షన్ ఆడే జట్టు, మన స్టేడియంలోనే మనల్ని ఓవర్‌టైమ్‌లో 27-24తో ఓడించింది. రెండు వారాలకి టెంపుల్ చేతిలో 24-2. ఆ ఏడాది సగటున ఆటకి 17 పాయింట్లు కూడా రాలేదు. మూడేళ్ళు వరుసగా 3-9, 3-7, 3-9 (గెలుపులు-ఓటములు). 2021 ఆఖరి రెండు ఆటల్లో నోటర్ డామ్ చేతిలో 55-0, జార్జియా యూనివర్సిటీ చేతిలో 45-0. రెండు వారాల్లో వంద పాయింట్లు ఇచ్చుకుని ఒక్కటి కూడా చేయలేదు.

అదే టెక్ 2025లో 8-0తో మొదలుపెట్టింది. నా లెక్కలో దానికి మొదటి కారణం లైన్. ఆ లైన్ ఒక్క ఏడాదిలో తయారైంది కాదు.

బౌల్డర్_సుధ

రఘు గారూ, ఓపిక గురించి మీరు చెప్పింది బాగానే ఉంది. కానీ అందరికీ అంత టైమ్ ఎక్కడుంది? మా కొలరాడో సంగతే తీసుకోండి. 2023లో మా లైన్ 56 శాక్‌లు (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడేయడం) ఇచ్చింది. మా క్వార్టర్‌బ్యాక్ షెడ్యూర్ సాండర్స్ ఒక్కడినే 52 సార్లు పడేశారు. యూసీఎల్ఏతో ఆటలో ఏడు. సీజన్ చివరికి వెన్నెముకలో ఫ్రాక్చర్‌తో యూటాతో ఆఖరి ఆట ఆడలేకపోయాడు. అలాంటి పరిస్థితిలో "మూడేళ్ళు ఆగండి" అంటే క్వార్టర్‌బ్యాక్ బతకాలి కదండీ?

అందుకే హెడ్ కోచ్ డియాన్ సాండర్స్ లైన్ మొత్తాన్నీ మార్చారు. ఫిల్ లోడ్‌హోల్ట్‌ని లైన్ కోచ్‌గా తెచ్చారు. ఆయన కొలరాడో రాష్ట్రంలోనే పెరిగినవాడు, ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) జట్టు వైకింగ్స్‌కి రైట్ ట్యాకిల్‌గా, అంటే లైన్‌లో కుడి చివర, ఆడాడు. హ్యూస్టన్ నుంచీ, ఇండియానా నుంచీ, యూటెప్ నుంచీ లైన్‌మెన్‌ని తీసుకున్నారు. హైస్కూల్ నుంచి జోర్డన్ సీటన్ అనే ఫైవ్‌స్టార్ (అత్యున్నత రేటింగ్) కుర్రాడు వచ్చి, మొదటి ఏడాదే 13 ఆటలూ లెఫ్ట్ ట్యాకిల్‌గా ఆడాడు. ఫలితం 2024లో 9-4. మీ 3-9లు మూడేళ్ళు భరించడం కన్నా ఇది నయం కాదా?

రఘు_ఆల్ఫరెట్టా

సుధ గారూ, 9-4 నిజమే. కానీ ఆ 9-4లో కూడా షెడ్యూర్‌ని 42 సార్లు పడేశారు. రెండేళ్ళకి 94. పరుగు యార్డుల్లో 2023లోనూ, 2024లోనూ కొలరాడో దేశంలోనే ఆఖరు. గెలిపించింది షెడ్యూర్ చెయ్యి, స్టార్ ఆటగాడు ట్రావిస్ హంటర్. వాళ్ళిద్దరూ వెళ్ళాక 2025లో 3-9. లైన్ నిజంగా కుదిరిపోయి ఉంటే ఆ పతనం అంత ఉండేది కాదని నా నమ్మకం.

బౌల్డర్_సుధ

ఆ పరుగుల లెక్కని అలా చెప్పేస్తే అన్యాయమండీ. కాలేజీ ఫుట్‌బాల్‌లో శాక్‌లో పోయిన యార్డులు కూడా పరుగు ఖాతాలోంచే తీసేస్తారు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అలా కాదు. అన్ని శాక్‌లు పడ్డాక పరుగు సగటు ఎలా బాగుంటుంది? పైగా షెడ్యూర్ బంతిని చేతిలో ఎక్కువసేపు పట్టుకునేవాడు. లైన్ రెండున్నర సెకన్లు ఆపింది, వాడు నాలుగో సెకన్‌లో పడ్డాడు. ఆ శాక్ ఎవరిది?

లైన్‌ని తిట్టే ముందు ఈ రెండూ తీసేసి చూడాలి. లేకపోతే ఏ కోచ్‌ని ఉంచాలో, ఎవర్ని మార్చాలో కూడా తప్పు నిర్ణయమే వస్తుంది.

కోటేశ్వర్_ఖమ్మం

నమస్తే అందరికీ. మా అబ్బాయి అట్లాంటాలో చదువుతున్నాడు. వాడు పంపే వీడియోల వల్ల ఈ ఆట మీద ఆసక్తి పుట్టింది. నేను పీఈటీగా పనిచేసి రిటైరయ్యాను, ఎక్కువగా కబడ్డీ నేర్పాను. ఒక సందేహం. ఈ లైన్‌మెన్ బంతి ముట్టుకోరు, పరుగు తీయరు, స్కోరు చేయరు. బలం ఉన్న ఐదుగుర్ని నిలబెడితే సరిపోదా? కొత్తవాళ్ళు కుదురుకోవడానికి అన్నేళ్ళు ఎందుకు పడుతుందో అర్థం కావడం లేదు. తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పగలరా?

వినయ్_రైట్‌గార్డ్

కోటేశ్వర్ గారూ, నేను ఇక్కడే జార్జియాలో హైస్కూల్‌లో గార్డ్‌గా ఆడాను. నాకు తెలిసినంత వరకు చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

ఐదుగురు. మధ్యలో సెంటర్, ఇద్దరు పక్కల గార్డ్‌లు, చివర్లలో ట్యాకిల్స్. సెంటర్ బంతిని వెనక్కి ఇచ్చి ఆట మొదలుపెడతాడు కాబట్టి ఈ ఐదుగురిలో ప్రతి ఆటలో బంతి ముట్టుకునేది అతనొక్కడే. ఆట మొదలయ్యే ముందు ఎదురుగా ఉన్న డిఫెన్స్ చూసి "వీడు మధ్య లైన్‌బ్యాకర్" అని వేలు చూపిస్తాడు. ఆ ఒక్క వేలితో మిగతా నలుగురి పనులూ తేలిపోతాయి. ఎవరు ఎవర్ని పట్టుకోవాలి, ఎవరు ఖాళీగా ఉండి పక్కవాడికి సాయం పోవాలి అన్నీ అక్కణ్ణుంచే. అతను ఒక్కడిని తప్పుగా చూపిస్తే ఐదుగురూ తమ పని సరిగ్గా చేసినా క్వార్టర్‌బ్యాక్ మీదికి ఒకడు ఖాళీగా వచ్చేస్తాడు.

ఇక పాస్ బ్లాక్. లెఫ్ట్ ట్యాకిల్‌నే తీసుకోండి. బంతి కదలగానే అతని ఎడమ కాలు వెనక్కి, పక్కకి పడాలి. కుడి కాలు దాన్ని వెంబడించాలి, అంతేగాని కాళ్ళు ఒకదాన్నొకటి దాటకూడదు. దాటితే అప్పుడే ఎదుటివాడు లోపలికి తిరుగుతాడు. చేతులు ఎదుటివాడి ఛాతీ లోపలి వైపు తగలాలి. భుజాల బయట పట్టుకుంటే హోల్డింగ్ అనే ఫౌల్‌కి జెండా పడుతుంది, పది యార్డులు వెనక్కి. ఇదంతా 250 పౌన్లకి పైగా బరువున్నవాడు పూర్తి వేగంతో మీదికి వస్తుంటే చేయాలి. టెక్ ఆప్షన్ కుర్రాళ్ళకి కష్టమైంది ఇక్కడే. వాళ్ళ నిలబడే తీరే వేరు, బరువంతా ముందు చేతి మీద వేసి నిలబడేవారు. వెనక్కి అడుగు వేయాలంటే ముందు ఆ బరువు వెనక్కి తెచ్చుకోవాలి. ఆ అరక్షణంలోనే వాడు దాటిపోతాడు.

కానీ మీరడిగిన "అన్నేళ్ళు ఎందుకు" అన్నదానికి అసలు జవాబు స్టంట్‌లో ఉంది. డిఫెన్స్ ట్యాకిల్ నేరుగా రాకుండా పక్కకి దూసుకొచ్చి మన ట్యాకిల్‌ని గుద్దుతాడు. అదే సమయంలో చివర ఉన్న డిఫెన్స్ ఎండ్ వాడి వెనక నుంచి తిరిగి లోపలి సందులోకి వస్తాడు. ఇప్పుడు మన గార్డ్ తన ముందున్నవాడిని ట్యాకిల్‌కి అప్పగించి, లోపలికి తిరిగొచ్చే ఎండ్‌ని అందుకోవాలి. మన ట్యాకిల్ తన మనిషిని వదిలేసి గార్డ్ నెట్టిన మనిషిని తీసుకోవాలి. ఇద్దరూ ఒకే లోతులో ఉండాలి. ఒకడు అడుగు ముందు, ఒకడు అడుగు వెనక ఉంటే ఇద్దరూ ఒకరినొకరు గుద్దుకుంటారు, ఎండ్ నేరుగా క్వార్టర్‌బ్యాక్ దగ్గరికి పోతాడు. బయటి ఊరి స్టేడియంలో అరుపులకి మాట వినపడదు. గార్డ్ తన మనిషిని అటు నెడుతున్నాడన్నది ట్యాకిల్‌కి మోచేతి తాకిడితో తెలియాలి. "వాడు ఇప్పుడు వదులుతాడు" అన్న నమ్మకం లేకపోతే మనం మన మనిషిని వదలలేం. ఆ నమ్మకం పక్కపక్కన నిలబడి ఆడితే తప్ప రాదు. బలం ఎంతున్నా రాదు.

కోటేశ్వర్_ఖమ్మం

ఇప్పుడు బోధపడింది వినయ్ బాబూ. కబడ్డీలో ఇద్దరు చేతులు పట్టుకుని చైన్‌గా రైడర్ మీదికి పోతారు. ఒకడు అడుగు ముందేసి రెండోవాడు ఆగిపోతే రైడర్ ఆ చేతుల మధ్య నుంచే గీత దాటేస్తాడు. ఎంత మంచి డిఫెండర్లనైనా కొత్తగా జత చేస్తే ఆ చైన్ కుదరడానికి టైమ్ పడుతుంది. మీరు చెప్పింది అదే. రాసినందుకు చాలా థాంక్స్ నాయనా.

తలహాసీ_శేఖర్

రఘు అన్నా, ఆ ఫ్లోరిడా స్టేట్ థ్రెడ్‌లో రాసింది నేను కాదు గానీ, మా జట్టు సంగతి ఇక్కడ చెప్పాలి. 2023లో 13-1. 2024కి అనుభవం ఉన్న లైన్ మాది, ఇక దిగుల్లేదు అనుకున్నాం. మొదటి ఆట డబ్లిన్‌లో మీ టెక్‌తోనే. 24-21తో ఓడాం, ఆఖరి క్షణంలో మీవాళ్ళ ఫీల్డ్ గోల్ (బంతిని తన్ని చేసే మూడు పాయింట్లు). అక్కణ్ణుంచి జారి జారి 2-10.

తర్వాత మొత్తం మార్చారు. కొత్త ఆఫెన్స్ కోఆర్డినేటర్ గస్ మల్జాన్, కొత్త లైన్ కోచ్, పోర్టల్ నుంచి లైన్‌మెన్. 2025 మొదటి ఆటలో అలబామాని 31-17తో కొట్టినప్పుడు మా ఇంట్లో పండగే. పరుగు ఆట అదిరిపోయింది. ఇక అయిపోయింది, లైన్ కుదిరింది అనుకున్నాం. సీజన్ ముగిసేసరికి 5-7.

కాబట్టి ఒక్క ఆట చూసి లైన్ కుదిరిందని ఎవరూ అనుకోకండి. మేమనుకున్నాం. నవంబర్‌లో గాయాలు మొదలయ్యాక, ఆరోవాడు, ఏడోవాడు ఎవరన్నది అప్పుడు తెలుస్తుంది. పోర్టల్‌లో మొదటి ఐదుగురు దొరుకుతారు. బెంచి మీద కూర్చుని నేర్చుకోవడానికి ఎవడొస్తాడు?

బౌల్డర్_సుధ

శేఖర్ గారి ఆఖరి మాట నాకూ నచ్చింది. కానీ రఘు గారిని ఒక సూటి ప్రశ్న అడగాలి. మీరు టెక్ హెడ్ కోచ్ బ్రెంట్ కీని మెచ్చుకోబోతున్నారని తెలుసు. 2019 నుంచి 2022 దాకా టెక్ లైన్ కోచ్ ఎవరు? ఆయనే కదా! ఆ 3-9లప్పుడు లైన్‌ని చూసుకున్నది ఆయన. మరి చెడిందానికి బాధ్యత ఎవరిది, బాగైనదానికి ఘనత ఎవరిది?

రఘు_ఆల్ఫరెట్టా

మంచి ప్రశ్న సుధ గారూ. దీన్ని దాటేస్తే ఈ థ్రెడ్‌కి అర్థమే ఉండదు.

అవును, ఆయనే. బ్రెంట్ కీ 1990ల చివర్లో టెక్‌కే రైట్ గార్డ్‌గా ఆడాడు. యూసీఎఫ్‌లో చాలాకాలం, తర్వాత మూడేళ్ళు అలబామాలో హెడ్ కోచ్ నిక్ సేబన్ దగ్గర లైన్ కోచ్. 2019లో కాలిన్స్‌తో పాటు టెక్‌కి తిరిగొచ్చాడు. ఆయనకి దక్కింది పాస్ బ్లాక్ చేయని లైన్. దానిమీద ఏ ఆట ఆడాలన్నది ఆయన చేతిలో లేదు, అది హెడ్ కోచ్, కోఆర్డినేటర్ నిర్ణయం. లైన్ కోచ్ చేతిలో ఉండేవి రెండే. ఎవర్ని తేవాలి, వాళ్ళకి ఏం నేర్పాలి.

ఆ రెండు పనులు ఆ చెడ్డ ఏళ్ళలోనే జరిగాయి. రైట్ ట్యాకిల్ జోర్డన్ విలియమ్స్ 2020లో వచ్చాడు, మొదటి ఏడాదే దింపారు. దెబ్బలు తిన్నాడు, నేర్చుకున్నాడు, 2024 దాకా అక్కడే ఆడాడు. సెంటర్ వెస్టన్ ఫ్రాంక్లిన్ 2021లో వచ్చాడు. ఇద్దరూ ఈ రాష్ట్రం కుర్రాళ్ళే. 3-9 చూసి పారిపోలేదు. వాళ్ళే తర్వాత లైన్‌కి వెన్నెముక అయ్యారు. ఆ మూడేళ్ళలో స్కోర్‌బోర్డు మాత్రమే చూసినవాళ్ళకి ఇది కనిపించలేదు. నాకు అది బాధ. "కీ కూడా కాలిన్స్ మనిషే, ఇద్దర్నీ పంపేయండి" అని అప్పుడు ఇక్కడే అట్లాంటాలో చాలామంది అన్నారు.

2022 సెప్టెంబర్‌లో 1-3తో కాలిన్స్‌ని తీసేసి కీని తాత్కాలిక కోచ్‌గా పెట్టారు. వారం తిరక్కుండా ర్యాంకులో ఉన్న పిట్‌ని (పిట్స్‌బర్గ్) వాళ్ళ ఊళ్ళోనే 26-21తో ఓడించాడు. పిట్‌తో కలిపి ఆయన నడిపిన ఎనిమిది ఆటల్లో 4-4. నవంబర్‌లో ఉద్యోగం ఖాయం చేశారు.

అసలు మార్పు 2023లో. జార్జియా నుంచి బస్టర్ ఫాక్‌నర్‌ని కోఆర్డినేటర్‌గా తెచ్చారు, టెక్సస్ ఏ అండ్ ఎం నుంచి క్వార్టర్‌బ్యాక్ హేన్స్ కింగ్ వచ్చాడు. హెడ్ కోచ్ లైన్ మనిషి కావడంతో ఆటని లైన్‌కి తగ్గట్టు కట్టారు, లైన్‌ని ఆటకి తగ్గట్టు విరగ్గొట్టలేదు. కింగ్ పరిగెత్తగలడు. క్వార్టర్‌బ్యాక్ తానే పరిగెత్తితే అడ్డుకోవడానికి డిఫెన్స్‌కి ఒక మనిషి తక్కువవుతాడు, మనకి ఒక బ్లాకర్ మిగులుతాడు. ఆ ఏడాది పరుగు యార్డుల్లో ఏసీసీలో (టెక్ ఆడే కాన్ఫరెన్స్) టెక్‌ది మొదటి స్థానం. 7-6తో ముగించి, బౌల్ ఆటలో యూసీఎఫ్‌ని 30-17తో గెలిచారు. 2018 తర్వాత బౌల్ ఆట ఆడింది అప్పుడే.

వినయ్_రైట్‌గార్డ్

రఘు అన్న చెప్పినదానికి ఒకటి కలుపుతాను. పరుగు ఆటతో లైన్‌ని బాగుచేయడం తేలిక మార్గమని కొందరంటారు. అది పిరికితనం కాదు, సరైన వరస. కుర్రాడు ముందుకు కొట్టడం నేర్చుకుంటే ధైర్యం వస్తుంది. వెనక్కి జరుగుతూ దెబ్బలు కాచుకోవడంతో మొదలుపెడితే ప్రతి ఆటా వాడి తప్పుల జాబితాలా ఉంటుంది.

ఇన్‌సైడ్ జోన్ అనే పరుగు ఆట చూడండి. సెంటర్, గార్డ్ ఇద్దరూ కలిసి ఒకే డిఫెన్స్ ట్యాకిల్‌ని నడుము పక్కన నడుము పెట్టి నెడతారు. చేతులు వాడి మీద, కళ్ళు మాత్రం వెనకున్న లైన్‌బ్యాకర్ మీద. లైన్‌బ్యాకర్ ఎడమకి వస్తే ఎడమ పక్కవాడు వదిలి వాడిని అందుకుంటాడు, కుడికి వస్తే కుడి పక్కవాడు. ఎవరు వదలాలో ముందుగా చెప్పరు. ఇద్దరూ ఒకే మనిషిని చూసి ఒకే నిర్ణయానికి రావాలి. తొందరపడి వదిలితే ముందున్నవాడు లేస్తాడు, ఆలస్యంగా వదిలితే లైన్‌బ్యాకర్ బంతి ఉన్నవాడిని కొడతాడు. మా కోచ్ ఈ ఒక్కదాని మీదే ప్రాక్టీస్‌లో సగం పైన పెట్టేవాడు.

అనిత_జాన్స్‌క్రీక్

ఇక్కడ ఎవరూ తిండి గురించి మాట్లాడలేదు కాబట్టి నేను రాస్తాను. నేను డైటీషియన్‌ని.

ఆప్షన్ లైన్‌మన్ పాస్ బ్లాక్ లైన్‌మన్‌గా మారాలంటే బరువు పెరగాలి. 275 ఉన్న పిల్లవాడు 305 కావాలి. ఏదో ఒకటి తిని 30 పౌన్లు పెంచడం ఎవరైనా చేస్తారు. ఆ బరువుతో వెనక్కి జరిగే వేగం పోకుండా, మోకాళ్ళు పాడవకుండా పెంచడానికి ఏడాదిన్నర, రెండేళ్ళు పట్టినా ఆశ్చర్యం లేదు. రోజుకి 5,000 కేలరీలు దాటి తినాలి, అదీ ప్రోటీన్ ఎక్కువగా, రోజంతా విడివిడిగా. 2014 దాకా కాలేజీలు ఆటగాళ్ళకి ఎంత భోజనం పెట్టాలన్నదానికి ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల సంఘం) పరిమితి ఉండేది. ఆ ఏడాదే తీసేశారు. ఇప్పుడు డబ్బున్న కాలేజీలకి వంటశాలలు, డైటీషియన్లు అన్నీ ఉన్నాయి. డబ్బు తక్కువున్న చోట పిల్లవాడు రాత్రి తొమ్మిదింటికి ఏం తింటున్నాడో చూసేవాళ్ళే ఉండరు.

అందుకే మొదటి ఏడాది కుర్రాడిని లైన్‌లో దించడం నాకు ఎప్పుడూ భయంగానే ఉంటుంది. నాలుగు ఆటల దాకా ఆడించినా రెడ్‌షర్ట్ (ఆ ఏడాది ఆడిన ఏళ్ళ లెక్కలోకి రాకపోవడం) పోదన్న రూల్ 2018లో వచ్చింది, అది ఈ పిల్లలకి చాలా మేలు చేసింది. అమ్మానాన్నలు ఎవరైనా చదువుతుంటే ఒక్క మాట. మీ అబ్బాయిని పిలుస్తున్న కాలేజీ "మొదటి ఏడాదే ఆడిస్తాం" అంటే సంతోషించే ముందు, బరువు పెంచే ప్లాన్ ఏమిటో అడగండి.

బౌల్డర్_సుధ

అనిత గారూ, అది చాలా మంచి విషయం. సీటన్ 13 ఆటలు ఆడగలిగాడంటే ఐఎంజీ అకాడమీ అనే ఆటల స్కూల్లోనే సిద్ధమై వచ్చాడు కాబట్టి. అందరూ అలా రారు.

కానీ రఘు గారూ, మీ మాటలోనే నాకు ఒక పట్టు దొరికింది. 2024, 2025 టెక్ లైన్‌లో అందరికన్నా బలమైనవాడు ఎవరు? కీలన్ రట్లెడ్జ్. ఎక్కణ్ణుంచి వచ్చాడు? మిడిల్ టెనెసీ నుంచి, పోర్టల్‌లో! లెఫ్ట్ ట్యాకిల్ కోరీ రాబిన్సన్ కాన్సస్ నుంచి. మీ పాత లైన్‌లో కూడా డెవిన్ కాక్రన్ వాండర్‌బిల్ట్ నుంచి వచ్చినవాడే. కొనడం తప్పైతే మీరూ కొన్నారు కదా?

రఘు_ఆల్ఫరెట్టా

కొనడం తప్పని నేను ఎక్కడా అనలేదండీ. ఐదుగురినీ ఒకేసారి కొనడం గురించి నేను మాట్లాడుతున్నది.

రట్లెడ్జ్ వచ్చినప్పుడు పక్కన విలియమ్స్, ఫ్రాంక్లిన్ అప్పటికే కలిసి ఆడుతున్నారు, ఎడమ గార్డ్ జో ఫుసిలే ఉన్నాడు. కుడి గార్డ్ ఖాళీ. అంటే కుదిరిన నలుగురి మధ్యలోకి ఒక్కడు వచ్చాడు. వినయ్ చెప్పిన స్టంట్ విషయంలో అతను కొత్తగా నమ్మాల్సింది ఇద్దర్నే, ఆ ఇద్దరికీ ఆ ఆట అలవాటే. ఐదుగురూ ఐదు చోట్ల నుంచి వస్తే సెంటర్ వేలు చూపించే తీరే ఐదుగురికీ ఐదు రకాలుగా తెలిసి ఉంటుంది.

ఇంకొకటి, టెక్ మిడిల్ టెనెసీలో వెతికింది. పెద్ద పేరున్న కాలేజీలో బెంచి మీద కూర్చున్నవాడి కన్నా, చిన్న కాలేజీలో వారం వారం ఆడి గెలిచినవాడు నయం. టెక్‌కి ఇంకో పరిమితి కూడా ఉంది. ఏ మేజర్ తీసుకున్నా ఎంతో కొంత క్యాలిక్యులస్ చదవాలి, బయట చేసిన కోర్సుల క్రెడిట్లు అన్నీ చెల్లవు. మూడో ఏడాది కుర్రాడిని తేవాలంటే అడ్మిషన్ దగ్గరే సగంమంది ఆగిపోతారు. ఆ పరిమితి వల్లే వాళ్ళు జాగ్రత్తగా ఎంచుకున్నారేమో అనిపిస్తుంది నాకు.

2024లో అది ఎలా పనిచేసిందో చూశాం. నవంబర్‌లో, అప్పటిదాకా ఓటమి ఎరగని నాలుగో ర్యాంకు మయామీని 28-23తో కొట్టారు. కింగ్ భుజం దెబ్బతో ఉన్నాడు, సరిగ్గా విసరలేడని అందరికీ తెలుసు. పరుగు వస్తుందని ఎదుటివాళ్ళకి తెలిసి కూడా ఆపలేకపోయారు. ఆ నెల చివర జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్‌లో జార్జియా యూనివర్సిటీతో ఎనిమిది ఓవర్‌టైమ్‌లు, 44-42తో ఓడిపోయాం. మూడేళ్ళ క్రితం మనల్ని 45-0తో ఓడించిన జట్టు చేతిలోనే. ఆ రాత్రి నాకు ఓటమి బాధ కన్నా గర్వం ఎక్కువ.

2025కి ఇద్దరు ట్యాకిల్సూ వెళ్ళిపోయారు. అయినా మొదటి ఆటలో మీ బౌల్డర్‌కే వచ్చి 27-20తో గెలిచాం సుధ గారూ, పరుగులోనే 320 యార్డులు. ట్యాకిల్స్ మారినా లైన్ నిలబడింది.

బౌల్డర్_సుధ

ఆ ఆట నేను స్టేడియంలో చూశాను. ఆఖర్లో కింగ్ 45 యార్డులు ఉరికి టచ్‌డౌన్ చేసినప్పుడు మా వరుసలో అందరూ కూలబడ్డారు. ఆ రోజు రెండు లైన్‌లకి మధ్య తేడా ఉందన్నది ఒప్పుకుంటాను. ఒకేసారి ఐదుగురు వద్దు, కుదిరిన చోట ఒకరిద్దరు అన్నది కూడా సరే. కానీ కుదిరినవాళ్ళు ఒక్కరూ లేని చోట మొదలుపెట్టాల్సిన కోచ్ ఏం చేయాలి? దానికి మీ దగ్గర సమాధానం ఉందా?

తలహాసీ_శేఖర్

సుధ గారి ప్రశ్న మా ప్రశ్న కూడా. పైగా ఇప్పుడు డబ్బు సంగతి వేరు. 2025 జూలై 1 నుంచి కాలేజీలు నేరుగా ఆటగాళ్ళకి డబ్బు పంచవచ్చు, మొదటి ఏడాది దాదాపు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా, అన్ని ఆటలకీ కలిపి. ఫుట్‌బాల్ జట్టు 105 మందికి మించకూడదు. మూడేళ్ళు పెంచిన ట్యాకిల్‌ని నాలుగో ఏడాది పెద్ద కాలేజీ ఎగరేసుకుపోతే మీ ఓపిక ఏమవుతుంది అన్నా?

వినయ్_రైట్‌గార్డ్

నాకు తోచింది చెప్తాను. ఏమీ లేని చోట ముందు సెంటర్‌ని తేవాలి. అందరూ లెఫ్ట్ ట్యాకిల్ కోసం డబ్బు కుమ్మరిస్తారు. రెండేళ్ళు వారం వారం ఆడిన సెంటర్ దొరికితే మిగతా నలుగురు కొత్తవాళ్ళైనా ఎవరెటు పోవాలో చెప్పేవాడు ఒకడుంటాడు. రెండోది, ఆటని చిన్నది చేయాలి. పది రకాల పరుగులు కాదు, రెండు మూడు. ప్రాక్టీస్‌కి వారానికి 20 గంటలకి మించి రూల్ ఒప్పుకోదు, అందులో మీటింగులు కూడా కలుస్తాయి. ఆ టైమ్‌లో పది నేర్పితే పదీ సగం సగమే వస్తాయి. మూడోది, ఆగస్టులో ఐదుగుర్ని తేల్చేసి, ఒక్క చెడ్డ ఆటకి మార్చకూడదు. వారానికొక కాంబినేషన్ మార్చే కోచ్ లైన్‌ని ఎప్పటికీ కుదరనివ్వడు.

డబ్బు గురించి శేఖర్ అన్నది నిజమే, దానికి నా దగ్గర మందు లేదు. కానీ లైన్‌మన్‌కి తన పక్కవాడెవడన్నది ఇతర ఆటగాళ్ళ కన్నా ఎక్కువ ముఖ్యం. మంచి లైన్ కోచ్ ఉన్న చోట నుంచి వాళ్ళు అంత తేలిగ్గా కదలరని నేను చూశాను. కాబట్టి మొదట డబ్బు పెట్టాల్సింది కోచ్ మీద. ఆ కోచ్‌ని నిలబెట్టుకోవాలి.

ఆప్షన్ కుర్రాళ్ళు పాస్ బ్లాక్ నేర్చుకోలేరని మాత్రం ఎవరూ అనకండి. 2014 టెక్ లైన్‌లో షాక్ మేసన్ గార్డ్. పాస్ బ్లాక్ చేయని జట్టు నుంచి వచ్చాడని 2015 ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్ళని వరసగా ఎంచుకోవడం) నాలుగో రౌండ్ దాకా ఆగాడు. పేట్రియట్స్ తీసుకుని నేర్పారు. రెండు సూపర్ బౌల్ ఉంగరాలు తెచ్చుకున్నాడు. 2019 టెక్ కుర్రాళ్ళలో లోపం లేదు. నేర్చుకునే టైమ్ ఇవ్వలేదు, అంతే.

కోటేశ్వర్_ఖమ్మం

వినయ్ బాబూ, టీవీలో నా కళ్ళు ఎప్పుడూ బంతి వెంటే పోతున్నాయి. లైన్‌ని చూడాలంటే ఎక్కడ చూడాలి?

వినయ్_రైట్‌గార్డ్

బంతి కదిలే ముందు సెంటర్‌ని చూడండి. వేలు ఎటు చూపించాడో గుర్తుపెట్టుకోండి. బంతి కదిలాక మొదటి రెండు సెకన్లు కుడి గార్డ్‌ని, కుడి ట్యాకిల్‌ని మాత్రమే చూడండి, బంతిని వదిలేయండి. ఇద్దరూ ఒకే గీత మీద వెనక్కి జరుగుతున్నారా లేదా అన్నది చూస్తే చాలు. టచ్‌డౌన్ పడితే రీప్లే ఎలాగూ వేస్తారు. మీ అబ్బాయిని టెక్ వాళ్ళ బాబీ డాడ్ స్టేడియంలో ఎండ్‌జోన్ వెనక పై వరుసలో టికెట్ తీసుకోమనండి. లైన్‌ని చూడటానికి అంతకన్నా మంచి చోటు లేదు.

రఘు_ఆల్ఫరెట్టా

2025 చివరికి 9-4తో ముగిసింది, బౌల్‌లో బీవైయూ చేతిలో 25-21. కింగ్ వెళ్ళిపోయాడు, రట్లెడ్జ్ కూడా వెళ్ళిపోయాడు. పరిగెత్తే క్వార్టర్‌బ్యాక్ వల్ల లైన్ మెరుగ్గా కనిపించిందా, లైన్ వల్ల క్వార్టర్‌బ్యాక్ పరిగెత్తగలిగాడా అన్నది 2026లో తేలుతుంది. రెండూ అని నా అంచనా, ఎక్కువ పాలు లైన్‌దే. స్ప్రింగ్ ప్రాక్టీస్ మొదలయ్యాక మొదటి వరుసలో ఎవరు ఎక్కడ నిలబడుతున్నారో ఇక్కడే రాస్తాను. సుధ గారూ, కొలరాడో వివరాలు మీరు కూడా రాస్తారా? శేఖర్, మీదీ. సెప్టెంబర్‌లో మూడూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

బౌల్డర్_సుధ

తప్పకుండా రాస్తాను. సెంటర్ పేరుతోనే మొదలుపెడతాను.